మంచులో నడక మన తల్లిదండ్రులకూ అందేదే

సంపాదకులకు నమస్కారాలు.

పిల్లల దగ్గరకని అమెరికా, కెనడా వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి చలికాలమంతా ఇంట్లోనే ఎలా మగ్గిపోతున్నారో చెబుతూ ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని మా ఇంట్లో ఇద్దరమూ చదివాము. అందులో రాసిన కష్టాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయితే, పెద్దలు వీలైనంతవరకు చలికాలంలో వెళ్లకుండా ఉండటమే మంచిదని వ్యాసం చివర చేసిన సూచనతో మాత్రం నేను ఏకీభవించలేకపోతున్నాను. కాన్పులు ఋతువులు చూసుకుని రావు. వెళ్లవలసినవాళ్లం ఎలాగూ వెళతాము. వెళ్లాక ఆరుబయట తిరిగే మార్గం ఒకటి ఉందని, నడక వచ్చిన ఎవరికైనా అది పట్టుబడుతుందని, దానికి పెద్ద ఖర్చు కూడా లేదని మన జిల్లాలవారికి తెలియజేయాలన్నదే ఈ ఉత్తరం ఉద్దేశం. అదే స్నోషూయింగ్, అంటే కాళ్లకు వెడల్పాటి చట్రాలు కట్టుకుని, మంచులో కూరుకుపోకుండా దాని మీద నడవడం. మా ఊళ్లో అడిగినవారికి నేను వాటిని మంచుపావుకోళ్లని చెబుతున్నాను.

నాకు ఇప్పుడు 66 ఏళ్లు. కోనసీమలోని ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి రెండో కాన్పుకని మేమిద్దరం సార్వా కోతలు సాగుతుండగా బయలుదేరి, అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగర శివార్లలో ఉండి, దాళ్వా కోతల వేళకు తిరిగి వచ్చాము. వెళ్లిన కొత్తలో మా పరిస్థితి మీ వ్యాసంలో రాసినట్లే ఉండేది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. సున్నాకు దిగువన 15, 20 డిగ్రీల చలి అక్కడివారికి వింత కాదు. అమ్మాయీ అల్లుడూ తమ పనుల్లో ఉంటే, మావారు కింది గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. నాలుగు వందల సార్లు తిరిగితే మా ఊళ్లో కాలువగట్టు మీద లాకుల దాకా వెళ్లి వచ్చినంత అవుతుందని ఆయన లెక్క. తెల్లవారుజామునే లేచి కొబ్బరితోట చుట్టి వచ్చే మనిషి అలా గోడలను తాకి వెనక్కి తిరుగుతుంటే చూడటం నాకు బాధగా ఉండేది.

మేము బయటికి వెళ్లకపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు, మన మాట కూడా కారణమని ఇప్పుడు నాకు తోస్తున్నది. ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలువకు అవతలి గట్టు కనబడకుండా కమ్మేదాన్ని మనం మంచు అంటాము. గడ్డిపరక మీద నిలిచిన బొట్టునూ మంచే అంటాము. హిమాలయాల మీద పేరుకునేదీ మనకు మంచే. కాబట్టి ‘మంచులో తిరగకు, జలుబు చేస్తుంది, తలకు గుడ్డ కట్టుకో’ అని చిన్నప్పటి నుంచి విన్న హెచ్చరికను మనం అక్కడికీ మోసుకుపోతాము. అక్కడ నేలను కప్పి ఉండేది తడి గాలి కాదు. చలి గట్టిగా ఉన్న రోజున అది పొడిపొడిగా, చేతికి అంటకుండా, విదిలిస్తే రాలిపోయేలా ఉంటుంది. తగిన దుస్తులు వేసుకుంటే అందులో గంటసేపు నడిచినా ఒళ్లు తడవదు. జలుబు వచ్చేది మంచు వల్ల కాదు, క్రిముల వల్ల. తలుపులు బిగించుకుని నలుగురం ఒకే గదిలో కూర్చున్నప్పుడే అవి ఒకరి నుంచి ఒకరికి సులువుగా అంటుకుంటాయి. ఇన్నేళ్లు సైన్సు చెప్పిన నాకే ఈ సంగతి ఆచరణలో స్ఫురించడానికి రెండు నెలలు పట్టింది.

జనవరిలో ఒక ఆదివారం మా అల్లుడు మమ్మల్ని, అదే సమయంలో వచ్చి ఉన్న మా వియ్యపురాలిని దగ్గరలోని ఒక పార్కుకు తీసుకువెళ్లాడు. ఆ రోజు చలి సున్నాకు దిగువన ఆరు డిగ్రీలు మాత్రమే. గాలి లేదు, ఎండ కాస్తున్నది. భీమవరం ప్రాంతానికి చెందిన మా వియ్యపురాలు కారు దిగనే లేదు. ‘ఈ వయసులో మనకెందుకండీ వదినగారూ ఇవన్నీ, జారి పడితే ఎవరికండీ కష్టం’ అని ఆమె అన్నది నిజంగా మా మీద ఉన్న శ్రద్ధతోనే. పార్కు కార్యాలయంలో స్నోషూలు అద్దెకు ఇస్తారు. మనిషికి పది డాలర్లు కూడా కాలేదు. అక్కడ ఉన్న అమ్మాయి ముందుగా మా బరువు అడిగింది. బరువును బట్టి కదా ఎంత పొడవు చట్రం కావాలో తేలేది. 25 అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉన్న అల్యూమినియం చట్రం, దాని నడుమ బిగించిన దళసరి రేకులాంటి గుడ్డ, మధ్యలో పాదం ఆనించడానికి పట్టీలు, కింద మంచును పట్టుకునే ఉక్కు పళ్లు. రెండూ కలిపి రెండు కిలోల లోపే తూగుతాయి. బూటు ముందుభాగాన్ని మాత్రమే పట్టీలతో బిగిస్తారు, మడమ స్వేచ్ఛగా లేస్తుంది. అందువల్ల అడుగు వేసినప్పుడు చట్రం తోక నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. పావుకోళ్ల మాట నాకు తట్టింది అక్కడే.

మొదటి పది అడుగుల్లో నేను రెండుసార్లు నా చట్రాన్ని నేనే తొక్కి ముందుకు తూలాను. పాదాలను మామూలుకన్నా కొంచెం ఎడంగా పెట్టాలని, వెనక్కి నడవకూడదని, తిరగవలసినప్పుడు ఎడ్లబండి మళ్లించినట్లు వెడల్పుగా చుట్టి రావాలని ఆ అమ్మాయి చెప్పింది. ఆ మూడు మాటలు ఒంటపట్టడానికి పావుగంట చాలింది. తరువాత ఆమె మమ్మల్ని దారి పక్కన ఎవరూ అడుగు పెట్టని చోటికి తీసుకువెళ్లి, ఒక కాలికి కట్టినది విప్పి ఆ కాలు మంచులో పెట్టి చూడమన్నది. పెట్టాను. అడుగున ఏమీ లేనట్లు కాలు మోకాలు దాటి దిగిపోయింది. చట్రం ఉన్న రెండో కాలు మాత్రం నాలుగు వేళ్ల లోతుకు మించి దిగలేదు. నా వెనకనే ఉన్న మావారు, ‘దమ్ము చేసిన చేలో దిగబడినట్లే ఉందే’ అన్నారు. ఆ మాటతో నాకు మా నాన్నగారి చేను కళ్ల ముందు నిలిచింది. ఆకుమడి నుంచి నారు మోసుకువెళుతూ బురదలో దిగబడితే, ‘అడుగు గుచ్చవద్దమ్మా, పాదం పరిచి వెయ్యి, తీసేటప్పుడు మడమ ముందు లేపు’ అని ఆయన గట్టు మీద నుంచి చెప్పేవారు. ఆ రోజు పార్కులో ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పిన పాఠంలో సగం నాకు ఏడేళ్ల వయసులోనే గోదావరి బురద నేర్పి పెట్టింది.

ఇందులోని సూత్రం తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే. బరువు ఎంతో మారదు, అది పడే వైశాల్యం మారుతుంది, ఆ మేరకు పీడనం తగ్గుతుంది. బట్టలతో కలిపి నా బరువు 68 కిలోలనుకుంటే, బూటు అడుగు వైశాల్యం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు, ఆ చట్రం వైశాల్యం మూలల గుండ్రాలు తీసివేసినా దాదాపు 1,100. అంటే మంచు మీద నేను మోపే ఒత్తిడి నాలుగో వంతుకు తగ్గిపోతుంది. మా చెరువుల్లో పొడవాటి కాలివేళ్లను పరుచుకుని తామరాకుల మీద నడిచిపోయే పక్షిని చూసినవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

అందుకే ఈ సాధనం మంచుదేశాల సొత్తు మాత్రమే కాదని నేను అంటున్నాను. జపానులో రైతులు వరిమడిలో దిగబడకుండా వెడల్పాటి చెక్కపలకలను కాళ్లకు కట్టుకునేవారు. వాటిని తాగెతా అంటారు. షిజువోకా నగరంలోని తోరో అనే చోట తవ్వకాల్లో సుమారు రెండు వేల ఏళ్ల నాటివి దొరికాయి. అదే దేశంలో మంచు ప్రాంతాలవారు కర్రను, తీగను గుండ్రంగా వంచి కాంజికి అనే మంచుపావుకోళ్లు చేసుకున్నారు. మన కాశ్మీరులో వెనకటి తరాలవారు వరిగడ్డి పేని, పుల్‌హోర్ అనే చెప్పులు అల్లుకుని మంచులో తిరిగేవారు. వరి పండించేవారికీ మంచులో నడిచేవారికీ ఉన్న ఈ చుట్టరికం నాకు ఎంతో ఆనందాన్నిచ్చింది. ఇక ఇంతవరకు దొరికిన మంచుపావుకోళ్లలో అతి పురాతనమైనది ఇటలీ ఆల్ప్స్ పర్వతాల్లో 3,134 మీటర్ల ఎత్తున, గుర్గ్‌లర్ ఐస్‌యోఖ్ అనే హిమానీనదం దగ్గర 2003లో దొరికింది. బర్చ్ అనే చెట్టు కర్రను వంచి, తాళ్లతో కట్టిన ఆ చట్రం క్రీస్తుపూర్వం 3800-3700 మధ్యదని, వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షలో తేలింది.

అయితే దీన్ని ఒక కళగా తీర్చిదిద్దినవారు మాత్రం ఉత్తర అమెరికా ఆదివాసులే. మేమున్న మినెసోటా వాళ్లలో ఓజిబ్వే, డకోటా జాతుల నేల. ఓజిబ్వే ప్రజలు ఆష్ అనే చెట్టు కర్రను ఆవిరికి మెత్తబరచి వంచి, రెండు కొనలూ పడవ ముక్కులా మొనతేలేటట్లు చట్రం కట్టి, పచ్చితోలు పట్టీలతో నడుమ అల్లేవారు. వారి భాషలో స్నోషూను ఆగిమ్ అంటారు, ఆ చెట్టును ఆగిమాక్ అంటారు. మనం పీటలు చేసే కర్రకు పీటచెట్టని పేరు పెట్టుకున్నట్లుగా ఉంటుందన్నమాట. ఆసియా నుంచి సరుకులతో పాటు వచ్చిన ఒక పచ్చటి పెంకుపురుగు 2002లో మిషిగన్‌లో కనబడినప్పటి నుంచి కోట్ల కొద్దీ ఆష్ చెట్లను చంపేసింది. పార్కులో ఎండిపోయి నిలబడిన ఆ మానులను చూపించి ఆ అమ్మాయి ఈ సంగతి చెబుతుంటే, సర్పిలాకార తెల్లదోమ పట్టి నల్లబడిన మా కొబ్బరి మట్టలు గుర్తుకు వచ్చి మావారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఆదివాసులకు ఇది ఆట కాదు, వేటకూ ఊరి నుంచి ఊరికి పోవడానికీ అదే ఆధారం. వారి దగ్గర నేర్చుకున్న తెల్లవారు 1840లలో మాంట్రియల్‌లో సంఘం పెట్టుకుని, రాత్రిపూట కాగడాలతో కొండెక్కి దిగే వేడుకగా మార్చుకున్నారు.

ఆ రోజు మేము నడిచింది మైలున్నర లోపే. కానీ ఆ మైలున్నరలో విన్న నిశ్శబ్దం నాకు ఇంతవరకు ఎక్కడా ఎదురుకాలేదు. కొత్తగా పడిన మంచు శబ్దాన్ని పీల్చుకుంటుంది. ఆగి నిలబడితే మన ఊపిరి తప్ప మరేమీ వినబడదు. అడుగు వేస్తే మాత్రం, పొడి బియ్యప్పిండిని గుప్పిట పట్టి నొక్కినప్పుడు వచ్చే కిరకిర వంటి చప్పుడు. దారి పక్కన కుందేలు గెంతిన గుర్తులు, వెనక కాళ్లు ముందుకు, ముందు కాళ్లు వెనక్కి పడి, ఒక పొద దాకా వెళ్లి అక్కడ ఆగిపోయాయి. లేడి నడిచిన జాడ నది వైపు సాగింది. తెల్లవారేసరికి మన వాకిట్లో ముగ్గు మీద పిచ్చుక కాళ్ల గుర్తులు కనబడినట్లు, రాత్రంతా ఆ అడవిలో జరిగినదంతా ఆ మంచు మీద రాసి ఉంది. కారులో కూర్చున్న వియ్యపురాలు మేము తిరిగి వచ్చేసరికి బయట నిలబడి ఎదురుచూస్తున్నారు. మరుసటి వారం ఆమె కూడా కట్టుకున్నారు. మార్చి నెలాఖరుకు నాకన్నా ఆమే ఎక్కువసార్లు వెళ్లారు.

ఇక్కడ దుస్తుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఆడవాళ్లు వెనుకంజ వేసేది ఇక్కడే. చీర కట్టుకుని స్నోషూ నడక సాధ్యం కాదు. కుచ్చిళ్లు చట్రం పళ్లకు చిక్కుకుంటాయి, అంచుకు మంచు పట్టి బరువెక్కుతుంది. నేను జీవితంలో మొదటిసారి ప్యాంటు వేసుకున్నది అక్కడే. ఇబ్బంది పడ్డ మాట నిజం, ఆ ఇబ్బంది మొదటి రోజుతోనే తీరిపోయిందన్నదీ నిజం. రెండో విషయం నూలు. బండారులంక నేతచీరలు కట్టి పెరిగిన మనకు నూలును మించిన బట్ట లేదు. కానీ మంచులో నడిచేటప్పుడు ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. నడిస్తే చెమట పడుతుంది, నూలు ఆ చెమటను పీల్చి పట్టుకుంటుంది, ఆగగానే ఆ తడి ఒంట్లోని వేడిని లాగేస్తుంది. లోపల ఉన్నిది గాని పాలియెస్టర్‌ది గాని పలుచని దుస్తులు, వాటి మీద ఫ్లీస్ అనే వెచ్చని నూగు బట్ట, పైన గాలినీ తడినీ ఆపే కోటు, ఇలా మూడు వరుసలు ఉండాలి. వేడెక్కితే ఒకటి విప్పవచ్చు, ఆగితే మళ్లీ తొడుక్కోవచ్చు. బయలుదేరేటప్పుడు కొంచెం చలి వేస్తూ ఉండటమే సరైన కొలత. ఇంట్లోనే వెచ్చగా అనిపించిందంటే దారిలో చెమట పట్టడం ఖాయం. టోపీ, చేతితొడుగులు, ఉన్ని మేజోళ్లు, నీరు దిగని బూట్లు తప్పనిసరి. ఎండ ఉన్న రోజున నల్లద్దాలు కూడా తప్పనిసరి. కొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా పైకి తిప్పి కొడుతుంది, కళ్లు మండి నీరు కారతాయి.

మోకాళ్ల నొప్పులున్నవారు ఇది మనకు కాదనుకుంటారు. మావారికీ కుడి మోకాలు అరిగింది. రెండు చేతికర్రలు పట్టుకుని, చదును నేల మీద, మెత్తని మంచులో నడిచినప్పుడు ఆయనకు సిమెంటు రోడ్డు మీదకన్నా తక్కువ నొప్పి అనిపించింది. ఇది ఒక్క మనిషి అనుభవమే, అందరికీ ఇలాగే ఉంటుందని నేను చెప్పను. ఎవరూ తొక్కని మంచులో ముందు నడిచేవారికి శ్రమ ఎక్కువ, కాబట్టి పల్లకీ బోయీలు భుజం మార్చుకున్నట్లు వంతులు వేసుకోవాలి, పెద్దవారిని వెనక ఉంచాలి. పడితే కంగారుపడి లేవబోకుండా పక్కకు దొర్లి మోకాళ్ల మీదకు వచ్చి లేవాలి. స్కీయింగ్ కోసం యంత్రంతో చదును చేసి గీతలు తీసిన దారుల మీద స్నోషూలతో నడవకూడదు, అది వారి దారిని పాడుచేయడమే.

ప్రమాదాల విషయంలో నేను నా సంతోషాన్ని పక్కన పెట్టి కచ్చితంగా రాయదలచుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైనది గడ్డకట్టిన చెరువులు, సరస్సుల సంగతి. 2022 డిసెంబరులో ఆరిజోనా రాష్ట్రంలో గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుండగా మంచు విరిగి మనవారు ముగ్గురు చనిపోయిన వార్త మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నిటిలో వచ్చింది. మనకు నీరంటే భయం లేదు, పంటు మీద గోదావరి దాటుతూ పెరిగినవాళ్లం. మంచు కింద నీరు మాత్రం మనకు తెలిసిన నీరు కాదు. పదివేల సరస్సుల నేలగా పేరుబడ్డ మినెసోటాలో, మనిషి నడవాలంటే తేటగా, గట్టిగా ఉన్న మంచుగడ్డ కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలని ప్రభుత్వ సహజవనరుల శాఖ చెబుతుంది. తెల్లగా, బుడగలతో ఉన్న మంచుగడ్డ అయితే ఆ మందం రెట్టింపు ఉండాలి. కాలువ వచ్చి కలిసే చోట, అడుగున ఊట ఉన్న చోట అదే సరస్సులో పక్కపక్కనే మందం మారిపోతుంది. పైన కప్పిన మంచు దుప్పటిలా పనిచేసి, కింద గడ్డ గట్టిపడకుండా చేస్తుంది. కాబట్టి తెల్లని మైదానంలా కనబడుతున్నదంతా నేల అనుకోవద్దు. అక్కడి మనుషులు వెళుతున్నారు కదా అని కూడా వెళ్లవద్దు. వారు తొలిచి, కొలిచి చూసుకుంటారు. మన పెద్దలకు నేను చెప్పేది ఒకే మాట, సరస్సు మీదకు అసలు వెళ్లకండి, పార్కువారు గుర్తులు పెట్టిన నేల దారులు చాలు.

రెండోది గుండె. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, దానికి మంచులో నడిచే శ్రమ తోడవుతుంది. గుండె జబ్బు, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఇక్కడ బయలుదేరక ముందే తమ వైద్యుణ్ని అడగాలి. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి వేళ్లు చలికి మొద్దుబారినా తెలియదు. సందర్శకులుగా వెళ్లినవారి బీమా పాత జబ్బులకు తరచుగా వర్తించదు కనుక ఈ జాగ్రత్త డబ్బు విషయంలోనూ అవసరమే. ఒంట్లో వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే వణుకు ముదురుతుంది, మాట తడబడుతుంది, వేళ్లు చెప్పినట్లు వినవు. పక్కవారిలో ఇవి కనబడితే వెంటనే వెచ్చని చోటికి చేర్చాలి. చలికి తెల్లబారి మొద్దుబారిన వేళ్లను మనకు అలవాటైన పద్ధతిలో రుద్దకూడదు, రుద్దితే చర్మం మరింత దెబ్బతింటుంది. చలికాలంలో దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. ఫ్లాస్కులో వేడి అల్లం టీ ఉంటే మరీ మంచిది. నాలుగున్నరకే చీకటి పడుతుంది కనుక మధ్యాహ్నం రెండు దాటాక కొత్త దారిలో అడుగు పెట్టకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు. ఎటు వెళుతున్నామో ఇంట్లో చెప్పి వెళ్లాలి.

మన దేశంలోనూ ఇది లేకపోలేదు. సంక్రాంతి సెలవుల్లో లంబసింగి చలి చూసి వచ్చినవారు ఇప్పుడు గుల్‌మార్గ్‌కు, మనాలీకి, ఔలీకి వెళుతున్నారు. అక్కడ స్నోషూలతో నడిపించేవారు కొద్దిమంది ఉన్నారు. అక్కడి లెక్క వేరు. గుల్‌మార్గ్ 2,600 మీటర్లకు పైన ఉంది, సముద్రమట్టం నుంచి నేరుగా వెళ్లిన మనకు మొదటి రెండు రోజులు ఊపిరి చాలదు. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న చోట్ల మంచు చరియలు విరిగిపడతాయి, తెలిసిన స్థానికుడు తోడు లేకుండా వాలు దగ్గరకు పోకూడదు. మేధోవైకల్యం ఉన్నవారి కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్ శీతాకాల క్రీడల్లో స్నోషూ పరుగు ఒక పోటీ. 2025 మార్చిలో ఇటలీలోని టూరిన్‌లో జరిగిన ఆ క్రీడల్లో మన దేశపు క్రీడాకారులు ఈ పోటీల్లో పతకాలు తెచ్చారు. ఆ వార్తకు మన పత్రికల్లో ఇంకొంచెం చోటు దొరికి ఉంటే బాగుండేది.

మీకు నా విన్నపం ఇది. కోనసీమ, ఉభయగోదావరి జిల్లాల నుంచి ప్రతి ఏడాది ఎందరో తల్లిదండ్రులు దసరా, దీపావళి వెళ్లాక విమానం ఎక్కుతున్నారు. వారు పెట్టెల్లో ఆవకాయ, సున్నుండలు, పురిటి మందులు సర్దుకుంటారు గాని, అక్కడి చలిలో ఎలా తిరగాలో ఒక్క ముక్క కూడా తెలుగులో చదివి వెళ్లే అవకాశం వారికి లేదు. మీ జిల్లా సంచికలో అక్టోబరు నెలలో ఒక పూర్తి పేజీ ఇందుకు కేటాయించండి. ఏ బట్టలు, ఏ బూట్లు, ఏ మందులు, మంచుగడ్డ మందం ఎంత, చలి సోకినప్పుడు ఏం చేయాలి అన్నవి వైద్యులతోనూ, అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న మనవారితోనూ రాయించండి. పెద్ద అక్షరాల్లో వేయండి, కత్తిరించి పెట్టెలో పెట్టుకునేలా ఉండాలి. ఈ ఉత్తరం చదివే పిల్లలకు కూడా ఒక మాట. అమ్మానాన్నలకు టీవీలో తెలుగు చానళ్లు పెట్టి ఇవ్వడంతో సరిపెట్టకండి. వారానికి ఒక్క ఆదివారం, ఒక్క గంట, మా అల్లుడిలా కారులో ఎక్కించుకుని తీసుకువెళ్లండి. మొదట వద్దంటారు. రెండోసారి కూడా అడగండి.

వచ్చేటప్పుడు మా అల్లుడు వాడి వదిలేసిన ఒక పాత జత నేను వెంట తెచ్చుకున్నాను. మా ఇంట్లోనే ఉంది. మొన్న దమ్ము అయ్యాక మా ఊరి పిల్లలు నలుగురు దాన్ని కట్టుకుని మా చేలో అడుగులు వేసి చూశారు, పీడనం పాఠం వారికి మళ్లీ చెప్పవలసిన పని లేకపోయింది. చుట్టుపక్కల పాఠశాలల్లో ఏ ఉపాధ్యాయులైనా తరగతిలో చూపించాలనుకుంటే తీసుకువెళ్లవచ్చు. ఈ ఏడాది చలికాలంలో పిల్లల దగ్గరకు ప్రయాణమవుతున్నవారు ఎవరైనా, ముఖ్యంగా ఆడవాళ్లు, ఒకసారి వచ్చి పట్టీలు ఎలా బిగించాలో చూసుకుని వెళ్లవచ్చు. నా చిరునామా, ఫోను నంబరు ఈ ఉత్తరంతో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాను. అడిగినవారికి ఇవ్వండి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా